ఖాళీ బండి ఎత్తు

పుల్ల ఆ జీపును షెడ్డులోకి తెచ్చినప్పుడు సీటు అంచున కూర్చుని ఉన్నాడు. ఒక తొడ సీటు మీద, రెండోది గాలిలో. పక్కన ఇంకెవరో ఉన్నారు, వాళ్ళకి ఇరుకు కాకూడదు అన్నట్టు చోటు వదిలి నడుపుకొచ్చాడు. కమానమ్మ సుత్తి పక్కన పెట్టి ఆ తమాషా చూసింది. డ్రైవర్లు కునుకుతూ నడపడం చూసింది, పెళ్ళాంతో ఫోనులో పోట్లాడుతూ నడపడం చూసింది. సీటుకి మర్యాద చేస్తూ నడిపేవాణ్ణి మాత్రం ఇదే చూడడం.

కమానమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. జీపుల కింద, లారీల కింద విల్లులా వంగి ఉండే ఇనప పట్టీల కట్టని పనివాళ్ళు కమాను అంటారు. బండి బరువంతా మోసేది అదే. తండ్రి పెద్ద మేస్త్రికి కళ్ళు మసకబారాక ఆ పని కూతురి చేతికి వచ్చింది. ఆడమనిషి సమ్మెట పట్టడమేమిటని నవ్విన డ్రైవర్లే ఆమెకి ఆ పేరు పెట్టారు. పోనుపోను నవ్వు పోయింది, పేరు మిగిలింది.

"సోమవారం నుంచి ఈ బండి నాదే అక్కా," అన్నాడు పుల్ల దిగి. "కొండ మీద ఊళ్ళకి మందులు నేనే తీసుకెళ్ళాలి. రెండంగుళాలు ఎత్తు పెంచెయ్. కమాన్లు నాలుగూ కొత్తవి వెయ్. పాతవి విప్పి చూడక్కర్లేదు, కట్టలు కట్టలుగా తీసి తుక్కులో పడెయ్."

"ఎత్తు దేనికిరా?"

"వాగులో రాళ్ళు కింద తగులుతున్నాయి."

"వాగు దాటేది రెండు నిమిషాలు. మలుపులు తిరిగేది రెండు గంటలు. రాయి తగిలితే మోత వస్తుంది, తెలుస్తుంది. ఎత్తు పెరిగిన బండి మోత చెయ్యదు, చెప్పకుండా పడుకుంటుంది."

అనేశాక నాలుక కరుచుకుంది. ఎవరితో ఏం మాట్లాడుతున్నానో చూసుకోవద్దా అని తనని తనే తిట్టుకుంది.

పుల్ల అంటే పుల్లే. కొయ్యకి చొక్కా తగిలించినట్టు ఉంటాడు. వాడి అన్నని అందరూ బస్తా అనేవాళ్ళు. ఒక తల్లి బిడ్డలేనా అని ఎవరైనా అడిగితే, "మా అమ్మ వండిందంతా నేను తినేశాను, వీడికి గిన్నె మిగిలింది" అని బస్తా తనే చెప్పి నవ్వేవాడు. ఏడు నెలల కిందట ఇదే జీపు కొండదారిలో మూడో మలుపు దగ్గర లోయ వైపు ఒరిగి పడిపోయింది. అప్పుడు అందులో ఉన్నది బస్తా ఒక్కడే. వేగంగా తిప్పాడని మందుల ఆఫీసువాళ్ళు తేల్చేశారు. పడిన జీపు ఫొటో తీసి డ్రైవర్ల గదిలో గోడకి అంటించారు. కింద పెద్ద అక్షరాలతో 'వేగం చేసే పని ఇది' అని రాశారు. పేరు రాయలేదు, రాయక్కర్లేదు కూడా. పుల్ల రోజూ తాళాలు తీసుకునే కొక్కేలు ఆ ఫొటో పక్కనే ఉన్నాయి.

"ఎత్తు సంగతి రేపు చెబుతాను," అంది కమానమ్మ. "విప్పకుండా పారేసే అలవాటు ఈ షెడ్డుకి లేదు."

పుల్ల తాళాలు ఆమె చేతికి ఇవ్వకుండా బానెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం పెద్ద మేస్త్రి కునుకు తీసి, గోడ తడుముకుంటూ వెనక గదిలోంచి వచ్చాడు. కంటి ఆపరేషన్ అయినా ఆయనకి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. ఆకారాలు తెలుస్తాయి, మొహాలు తెలియవు. దానికి తోడు జ్ఞాపకం కూడా ఈమధ్య చిల్లు పడ్డ డబ్బాలా తయారైంది. పొద్దున పోసింది సాయంత్రానికి ఉండదు. ఆయన జీపుకి పదడుగుల దూరంలో ఆగి, తల కాస్త వాల్చి చూశాడు.

"బస్తా వచ్చాడా," అన్నాడు. "దిగమను వాణ్ణి. కూర్చునే ఉన్నాడేం?"

కమానమ్మ చేతిలో పానా ఆగిపోయింది. "బండిలో ఎవరూ లేరు నాన్నా."

"లేకపోతే బండి తిన్నగా ఎందుకు నిలబడుతుంది?" అన్నాడాయన, చిన్నపిల్లకి ఎక్కం చెప్పినట్టు. చెప్పి, నీళ్ళ కుండ వైపు తడుముకుంటూ వెళ్ళిపోయాడు.

ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. అయినా ఆమె మెడ వెనక ఏదో చల్లగా పాకింది. బస్తా పోయాడని ఆయనకి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అప్పుడే విన్నట్టు బాధపడ్డాడు, మర్నాటికి మర్చిపోయాడు. ఆ సంగతి వదిలెయ్యొచ్చు. వదలలేనిది ఆయనన్న రెండో మాట.

షెడ్డు గోడ మీద నల్లరంగుతో కొన్ని గీతలు ఉంటాయి. పెద్ద మేస్త్రి బండిని ఒట్టిగా ఎప్పుడూ కొలవలేదు. దాన్ని నడిపే మనిషిని సీట్లో కూర్చోబెట్టి, కాళ్ళు పెడల్స్ మీద పెట్టించి, ఊపిరి వదలమని, అప్పుడు టేపు పట్టేవాడు. ఖాళీ బండి అబద్ధం చెబుతుందనేవాడు. కూర్చున్న మనిషితో బండి రెండు వైపులా సమంగా వచ్చేదాకా పట్టీలు తీసి వేసి, వేసి తీసి, గోడ మీద ఆ మనిషి పేరూ పట్టీల లెక్కా రాసేవాడు. కిటికీ పక్కన రాసి ఉంది: బస్తా, తన వైపు తొమ్మిది, అవతల ఎనిమిది.

అంటే నూటపది కిలోల బస్తా కూర్చుంటే జీపు తిన్నగా ఉండాలి. దిగితే ఆ తొమ్మిదో పట్టీ ఊరుకోదు, డ్రైవరు వైపు అంగుళం పైకి లేపుతుంది. ఖాళీ జీపు అవతలి వైపు ఒరిగి ఉండాలి.

కమానమ్మ టేపు తీసింది. నేల నుంచి మడ్‌గార్డు అంచు దాకా డ్రైవరు వైపు ముప్ఫై ఒకటిన్నర. చుట్టూ తిరిగి వచ్చి అవతల కొలిచింది. ముప్ఫై ఒకటిన్నర. నమ్మకం కలక్క, దారానికి బోల్టు కట్టి అద్దం నడిమధ్య నుంచి వేలాడదీసింది. దారం కాసేపు ఊగి, ఇటూ అటూ కాకుండా మధ్యలో ఆగింది.

ఆ సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు ఆమె జీపుకి వీపు చూపించకుండా వెనక్కి నడుచుకుంటూ బయటికి వచ్చింది. గొళ్ళెం పెట్టాక తన మీద తనకే నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టింది. ఏ వైపు చెడిందో అటే విప్పాలి. తొమ్మిదో పట్టీ నీరసపడి ఉంటుంది, అందుకే బండి లేవడం లేదు. ఇంతకు మించి మర్మమేమీ లేదని తనకి తను నచ్చజెప్పుకుంది. జాకీ పెట్టి డ్రైవరు వైపు లేపింది. యూ బోల్టులకి కిరోసిన్ పోసి నానబెట్టి, పొడవాటి పానాతో విప్పింది. కట్ట దించి, నేల మీద పరిచి, పట్టీలు ఒకదాని పక్కన ఒకటి పేర్చి లెక్కపెట్టింది. తొమ్మిది. పగులు లేదు. తుప్పు పొరగా ఉంది తప్ప తినేయలేదు. తండ్రి సిమెంటు నేల మీద చెక్కిన వంపు గీత మీద తొమ్మిదో పట్టీ పెట్టి చూసింది. గీతా పట్టీ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. సుత్తితో తడితే గంటలా మోగింది. నీరసపడ్డ ఇనుము అలా మోగదు, మొద్దుగా పలుకుతుంది.

కట్ట మళ్ళీ బిగించింది. జాకీ మెల్లగా వదిలింది. జీపు కిందికి దిగుతూ దిగుతూ, చివర్న భారీ మనిషి కుర్చీలో సర్దుకున్నట్టు ఒక్క మూలుగు మూలిగి ఆగింది. టేపు పట్టింది. ముప్ఫై ఒకటిన్నర.

ఛాసిస్ వంగిందేమో అని ముందు నుంచి వెనక దాకా ఐమూలగా రెండు దారాలు లాగి కట్టింది. రెండు దారాల పొడవూ ఒకటే. పడిన బండి అయినా వెన్నెముక చెక్కు చెదరలేదు. ఇక ఆమె చూపు దేని మీద పెట్టాలో తెలియక సీటు మీద పడింది. ఆఫీసువాళ్ళు బయటంతా కొత్త రంగు వేయించారు కానీ లోపలి సీటు పాతదే. దాని స్పాంజిలో ఒక పెద్ద గుంట ఉంది. మామూలుగా స్పాంజి నెల రోజులు ఎవరూ కూర్చోకపోతే కాస్తయినా పొంగుతుంది. ఇది పొంగలేదు. షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. జీపు కింద పట్టీలు ఒకదానిలో ఒకటి సర్దుకుంటూ ఉండి ఉండి టిక్ మంటున్నాయి. ప్రతి బండీ చేసే చప్పుడే అది. ముప్ఫై ఏళ్ళుగా విన్నదే. ఇవాళ మాత్రం ప్రతి టిక్కుకీ తలెత్తి చూసింది.

"అక్కా," అని పిలుపు వినిపిస్తే ఉలిక్కిపడి తిరిగింది.

వచ్చింది బస్తా భార్య. చంకలో మడిచిన గుడ్డ. ఉతికి ఇస్త్రీ చేసిన సీటు కవరు. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"రా చెల్లీ, లోపలికి రా."

"ఇక్కడే బాగుంది. ఇది ఆయనకని కుట్టాను. మా మరిదికి వేద్దామంటే వాడు ఇందులో దుప్పటి కప్పుకున్నట్టు ఉంటాడు." నవ్వబోయింది, సగంలో ఆగింది. ఆమె కళ్ళు జీపు మీద ఉన్నాయి. "ఎందుకో తెలీదక్కా, దీన్ని చూస్తే ఆయన లోపల ఉన్నట్టే అనిపిస్తోంది."

కమానమ్మ పానా కింద పెట్టింది. "ఎందుకలా?"

"మా ఇంటి ముందు ఆపి ఆయన దిగితే, బండి హమ్మయ్య అన్నట్టు ఆయన వైపు లేచేది. పిల్లలు దానికోసమే వాకిట్లో కాచుకుని కూర్చునేవాళ్ళు. 'నాన్న దిగాడు, బండి బతికింది' అని చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆఖరి పది రోజులూ లేవలేదు. దిగినా అలాగే ఉండేది. ఎక్కి కూర్చుంటే ఇంకా ఆయన వైపు వాలేది. నేను బరువెక్కిపోయానే, బండి మొయ్యలేకపోతోంది అనేవాడు."

"ఇక్కడికి తేవొచ్చుగా," అంది కమానమ్మ.

"నేనూ అదే అన్నాను. పెద్ద మేస్త్రి నన్ను కూర్చోబెట్టి కట్టిన కమాను, అది తప్పదు, తప్పింది నా పొట్టే అన్నాడు. సగం కంచం తిని లేచిపోయేవాడు. ఇంకొంచెం పెట్టనా అంటే కంచం వెనక్కి లాక్కునేవాడు. అంత మనిషి." సీటు కవరును బల్ల మీద పెట్టి అంచులు సరిచేసింది. "వేగంగా నడిపాడంటే నేను నమ్మలేదు. కానీ ఫొటో ఉందిగా. మా పెద్దాణ్ణి బళ్ళో వాడి స్నేహితుడెవడో మీ నాన్న స్పీడు అన్నాట్ట. వాడు వారం రోజులుగా బడికి వెళ్ళనంటున్నాడు."

ఆమె వెళ్ళాక కూడా కమానమ్మ ఆ గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది. దిగినా లేవలేదు, కూర్చుంటే వాలింది. ఆ రెండు మాటలూ కలిపితే ఒకే లెక్క వస్తుంది. ఆ లెక్క ఆమెకి తెలుసు. తెలిసినా ఆ పూటకి అటు వైపు వెళ్ళలేదు, వేరే లారీ పనేదో ముందేసుకుంది.

మూడో రోజు పొద్దున్నే అవతలి వైపు చక్రం విప్పింది. ఇరుసు మీద ఏడు నెలల బురద, గ్రీజు, దాని మీద ఆఫీసువాళ్ళు కొట్టించిన నల్లరంగు కలిసి ఒక ముద్దలా గట్టిపడి ఉన్నాయి. తీగ బ్రష్షుతో గీకింది. ఎనిమిది పట్టీలు కనబడ్డాయి. ఎనిమిదో పట్టీ కింద ఇరుసు రావాలి. ఇరుసు రాలేదు. రెండింటికీ మధ్య అంగుళం మందాన చదరంగా ఒక ఇనప ముక్క ఉంది.

బండి ఒక వైపు దిగితే పైకెత్తడానికి పెట్టే ముక్క అది. పేకింగ్ అంటారు. పాత లారీ పట్టీ నుంచి కోసి, ఆకురాయితో అంచులు గుండ్రం చేసినది. అలా అంచులు గుండ్రం చేసే ఓపిక ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. కమానమ్మ బోల్టులు విప్పి దాన్ని బయటికి తీసింది. తుడవకముందే తెలుసు. అయినా కొంగుతో తుడిచింది. మూల మీద పంచ్‌తో కొట్టిన రెండు చుక్కలు.

పెద్ద మేస్త్రి తన చేతి పని మీద ఒక చుక్క కొట్టేవాడు. నా తరువాత నువ్వు కదా, రెండు కొట్టు అని కూతురికి చెప్పాడు.

ఆమె నేల మీద కూలబడింది. ఆ రోజు కళ్ళ ముందుకు వచ్చింది. తండ్రిని కంటి ఆపరేషన్‌కి చేర్పించిన వారం. ఆసుపత్రికీ షెడ్డుకీ మధ్య పరుగులు. ఆఫీసువాళ్ళ మూడు జీపులూ ఒకే రంగు, ఒకే పాతకాలపు మోడలు. అందులో ఒకటి గ్రీజు కొట్టడానికి వచ్చింది. తెచ్చినవాడెవరో మొహమైనా చూడలేదు. అక్కా, ఇది అవతలికి ఒరిగింది, కాస్త సరిచెయ్ అన్నాడు. చూసింది. నిజంగానే ఒరిగి ఉంది. ఎవరి బండి అని అడగలేదు. గోడ వైపు చూడలేదు. మనిషిని పిలిపించలేదు. ఖాళీ బండిని కొలిచి, పది నిమిషాల్లో ముక్క పెట్టి బిగించి, దారం వేలాడదీసి, మధ్యలో ఆగితే సంతోషపడి, ఆసుపత్రికి పరిగెత్తింది. ఆ సంతోషం కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. అదే ఎక్కువ బాధ పెట్టింది.

అంటే బస్తా కూర్చోగానే జీపు అంగుళం అతని వైపు ఒరిగి ఉంటుంది. నేల మీద అంగుళం అంగుళమే. లోయ వైపు వాలిన మలుపులో, వెనకంతా మందుల పెట్టెలున్నప్పుడు, అది ఎంతవుతుందో చెప్పగల టేపు ఎవరి దగ్గరా లేదు.

"దొరికిందా," అన్న మాట వెనక నుంచి వచ్చింది.

పుల్ల ఎప్పుడొచ్చాడో తెలియదు. వాడి చూపు ఆమె మొహం మీద లేదు, చేతిలోని ముక్క మీద ఉంది.

"ఇది పెట్టింది నేను," అంది కమానమ్మ.

"పెట్టమన్నది నేను," అన్నాడు వాడు.

తరువాత పుల్ల చక్రం మీద కూర్చుని, చెప్పు కొనతో నేల గీకుతూ చెప్పాడు. "నన్ను గ్రీజుకే పంపాడు అన్న. ఒరిగి ఉంటే నేనే ఉండబట్టలేక అడిగాను, సంతోషిస్తాడని. రెండో రోజే బండి నా వైపు వాలుతోందిరా అన్నాడు. ముక్క సంగతి చెబుదామనుకున్నాను. కమాన్లు ముట్టుకోవద్దన్నాను కదరా అని తిడతాడని, రేపు చెబుతాలే అనుకున్నాను. రోజూ రేపే అనుకున్నాను. ఏడు నెలలుగా ఈ మాట మోస్తున్నాను, ఆ సీట్లో పూర్తిగా కూర్చోలేకపోతున్నానక్కా."

"అందుకేనా విప్పకుండా పారెయ్యమన్నావు?"

వాడు తలూపాడు. "ఇప్పుడైనా పారెయ్. ఎవరికీ తెలీదు. చెబితే వదిన నా మొహం చూడదు. నీ షెడ్డుకి ఒక్క బండి రాదు. పోయినవాడు ఎలాగూ పోయాడు."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. పంచుకుంటే పాపం తేలికవుతుందని ఆ మాట పుట్టించినవాళ్ళు అనుకున్నారేమో, ఆ పూట షెడ్డులో అది ఏమాత్రం తేలికవలేదు. కమానమ్మ లేచి తుక్కు కుప్ప దాకా నడిచింది. చెయ్యి తెరిచింది. ముక్క పాత పట్టీల మీద పడి ఖంగుమని, జారి, సందులోకి దిగిపోయింది. ఆ కుప్పలో అలాంటివి నూరు ఉంటాయి. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, ఇరుసు మీద ఎనిమిది పట్టీల కట్ట తిన్నగా పెట్టి, బోల్టులు బిగించి, చక్రం ఎక్కించి, జాకీ వదిలింది. మనసు ఎక్కడుందో కానీ చేతులు తప్పు చెయ్యలేదు.

జీపు దిగింది. అవతలి వైపు మెత్తగా కుంగింది. డ్రైవరు వైపు మడ్‌గార్డు, ఎవరో బరువుగా నిట్టూర్చి కాలు కింద పెట్టినట్టు, మెల్లగా పైకి లేచింది. దాంతోపాటు తలుపు తనంతట తనే జానెడు తెరుచుకుని ఆగింది. పాత తలుపు, వదులు గొళ్ళెం, బండి ఒరిగితే తెరుచుకుంటుంది. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు. పుల్ల అయినా రెండడుగులు వెనక్కి వేశాడు.

పెద్ద మేస్త్రి గోడ తడుముకుంటూ వచ్చాడు. పదడుగుల దూరంలో ఆగి, తల వాల్చి చూశాడు.

"హమ్మయ్య, దిగాడు," అన్నాడు. తరువాత కూతురు ఉన్న వైపు తిరిగాడు. గొంతులో కాస్త కోపం ఉంది. "ఇంతసేపు కూర్చోబెట్టావేమే వాణ్ణి? ఆకలేస్తూ ఉంటుంది పాపం."

కమానమ్మ తుక్కు కుప్ప దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో పట్టీ లాగి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. వేలు తెగింది, చూసుకోలేదు. కాసేపటికి పుల్ల కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు. ముక్క వాడి చేతికే దొరికింది. దాన్ని పట్టుకుని చాలాసేపు అలాగే ఉండి, ఆమె చేతిలో పెట్టాడు.

"వెళ్ళి మీ వదినని తీసుకురా," అంది కమానమ్మ. "వచ్చే దారిలో ఏమీ చెప్పకు. నా వంతు నేను చెప్పాక, నీ వంతు నువ్వు చెప్పు."

బస్తా భార్య ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. జీపుని చూడగానే అడుగు వేగం తగ్గింది. "లేచిందే," అంది తనలో తను అనుకుంటున్నట్టు.

కమానమ్మ ముక్కని సీటు కవరు పక్కన బల్ల మీద పెట్టింది. చెప్పాల్సింది నాన్చకుండా చెప్పింది. ఏ రోజు పెట్టిందో, ఎందుకు పెట్టిందో, ఎవర్ని అడగలేదో, దేన్ని చూడలేదో చెప్పింది. "ఈ ఒక్క అంగుళం వల్లే పడిందని చెప్పలేను చెల్లీ. దీనివల్ల కాదనీ చెప్పలేను. కూర్చునే మనిషిని కొలవకుండా ఈ షెడ్డులో ఎవరూ బండి ముట్టుకోకూడదు. నేను ముట్టుకున్నాను." పుల్ల తన వంతు చెప్పాడు. చెప్పేటప్పుడు వదిన కాళ్ళ వైపే చూశాడు.

ఆమె వింటూనే ముక్కని చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ఆ రెండు చుక్కల మీద రాసింది. ఏడవలేదు, అరవలేదు. తిట్టినా బాగుండునని కమానమ్మకి అనిపించింది.

"అంటే," అంది చివరికి, "ఆయన బరువెక్కలేదా?"

కమానమ్మకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. "లేదమ్మా. ఎక్కలేదు. ఎప్పుడూ ఉన్నంతే ఉన్నాడు."

"పడుకోబోయే ముందు ఆకలేస్తోందే అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఓర్చుకో, జీపు సంతోషిస్తుందని." ఆమె ముక్కని బల్ల మీద పెట్టింది. ముక్క చిన్నగా చప్పుడు చేసింది. "పది రోజులు. కడుపు మాడ్చుకుని వెళ్ళిపోయాడు."

అప్పుడు కూర్చుంది. మరిది నీళ్ళు తెచ్చి ఇస్తే తీసుకుంది కానీ వాడి మొహం చూడలేదు. క్షమించానని అనలేదు. అనాలని కమానమ్మ ఎదురుచూడలేదు కూడా.

కాసేపయ్యాక కమానమ్మ పనుల కాగితం ఒకటి తీసి, బల్ల మీద వంగి రాసింది. ఆమె అక్షరాలు ఎప్పుడూ సమ్మెట పట్టి రాసినట్టే ఉంటాయి. ఈ జీపును నడిపే మనిషిని కూర్చోబెట్టకుండా, ఖాళీ బండిని కొలిచి, అంగుళం ముక్క పెట్టింది నేను. దానితో బండి డ్రైవరు వైపు ఒరిగింది. కొలత తప్పు నాది. కింద సంతకం చేసి, ఎందుకో చాలదనిపించి, పక్కన రెండు చుక్కలు పెట్టింది.

"రేపు తాళాలు ఇచ్చే వేళకి ఆ గదికి వెళ్తాను. డ్రైవర్లందరూ ఉంటారు. ఈ కాగితం, ఈ ముక్క ఆ ఫొటో దగ్గర పెడతాను. తీసేస్తే మళ్ళీ పెడతాను."

బస్తా భార్య కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. "మా పెద్దాడు చదవగలడు," అంది. "ఇలాంటిదే ఇంకొకటి రాసివ్వు. ఇంటికి."

కమానమ్మ రెండోది రాసింది. రాస్తూనే పుల్లతో అంది, "ఎత్తు పెంచను. నాన్న పెట్టిన ఎత్తే ఉంటుంది. రాళ్ళకి ఇంజను కింద మందపాటి రేకు కడతాను. రేపు నువ్వు వచ్చి సీట్లో కూర్చో. అంచున కాదు, పూర్తిగా. కాళ్ళు పెడల్స్ మీద పెట్టి, ఊపిరి వదిలి. నీ బరువుకి తొమ్మిదో పట్టీ అక్కర్లేదు, అది తీసేసి గోడ మీద నీ గీత గీస్తాను."

పుల్ల సరేనన్నట్టు తలూపాడు.

బస్తా భార్య కాగితం మడిచి రవికలో పెట్టుకుని లేచింది. జీపు దగ్గరికి వెళ్ళి, పైకి లేచి ఉన్న డ్రైవరు వైపు మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించింది. కొంచెం నొక్కింది. అది కుంగి మళ్ళీ లేచింది. తెరుచుకున్న తలుపులోంచి సీటు గుంట కనబడుతోంది. తలుపుని మెల్లగా మూసింది. అది మళ్ళీ తెరుచుకుంది. ఈసారి అలాగే వదిలేసింది.

"ఆ పట్టీ తీసేది రేపే కదా," అంది. "ఈ పూటకి ఇలా ఉండనియ్యక్కా. పిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తాను."

సాయంత్రం అయిపోతోంది. కమానమ్మ షెడ్డు తలుపులు మూయలేదు. మొన్నటిలా వెనక్కి నడవాల్సిన అవసరమూ రాలేదు. జీపు ఒక వైపు ఒరిగి, రెండో వైపు లేచి, నిలబడి ఉంది. అందులో ఎవరూ లేరని వీధిలోంచి చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది.